శిలువ గుర్తు పెట్టని పేరు

చాథమ్ దగ్గర, ఒంటారియో
1951 మే 20

హిస్కె అక్కకి,

మేం చేరాం. ముందు "అందరం చేరాం" అని రాసి, "అందరం" కొట్టేశాను. ఆ కొట్టివేత నీకు కనిపిస్తూనే ఉంటుంది. నా చదువు ఎంతో నీకు తెలుసు. తప్పులుంటే నీలో నువ్వే నవ్వుకో.

ఓడలో పదకొండు రోజులు, తర్వాత రైల్లో రెండు రోజులు. ఓడ భోజనాల గదిలో బల్లలు చూపించే మనిషి రోజూ "ఎంతమంది అమ్మా?" అని అడిగేవాడు. నేను పన్నెండు అనేదాన్ని. మీ మరిది పదకొండు అనేవారు. మూడో రోజు నుంచి అతను నన్ను అడగడం మానేశాడు. నేను కావాలని అనలేదక్కా. నోటికి అదే వచ్చేది.

మమ్మల్ని పిలిపించుకున్న రైతు టాన్స్లీ గారు స్టేషనుకి లారీ తెచ్చారు. పొడుగు మనిషి, మాట తక్కువ. చేతిలో మేం పోయిన ఏడు పంపిన కాగితం ఉంది. పెద్దవాళ్లు ముగ్గురు పనిచేస్తారు, తండ్రి వీబ్రెన్, పెద్దకొడుకు డౌవె, కూతురు ఫెమ్కె అని అందులో ఉంది. ఆ ముగ్గురినీ లెక్కవేసుకునే ముప్పై ఎకరాల చక్కెరదుంప పనీ, ఉండడానికి ఇల్లూ ఇస్తామన్నారు. ఆయన మమ్మల్ని వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చి ఫెమ్కె దగ్గర ఆగారు.

"మరి పెద్దవాడేడీ?"

మీ మరిదికి ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చు. ఆ నాలుగు ముక్కల్లోనే అన్నారు, "సైన్యంలో ఉన్నాడు. తర్వాత వస్తాడు" అని.

నేను పొరబాటుగా విన్నాననుకున్నాను. వాణ్ణి మట్టిలో పెట్టి అప్పటికి ఏడు వారాలు కూడా కాలేదు. మీ మరిది ముఖంలోకి చూశాను. ఆయన లారీ చక్రం వైపు చూస్తున్నారు. లారీ ఎక్కాక అడిగాను, ఏమిటా మాట అని. "ఇల్లు ఇవ్వనంటే ఈ తొమ్మిదిమందినీ ఎక్కడ పడుకోబెడతావు, బౌక్యా?" అన్నారు.  

మా చెక్కపెట్టె నాలుగు రోజుల తర్వాత వచ్చింది. డబ్బు దేశం దాటనివ్వరు కాబట్టి ఉన్నదంతా వస్తువులు చేసి అందులో పెట్టుకున్నాం కదా. ఇప్పుడు మా దగ్గర పది మంచాలున్నాయి, పది సైకిళ్లున్నాయి. పిండి లేదు. దుంప పనికి కూలి మొదటి కలుపు అయ్యాక ఇస్తారట. ఇల్లంటే రెండు గదులు. పెట్టె విప్పి, ఆ పలకలతో మీ మరిది వంటగది వెనక ఇంకో గది కట్టారు. అందులో ఆయనా నేనూ. ఏ పెట్టెకి మేకులు కొడుతుంటే నా బిడ్డ కాలికి మేకు గుచ్చుకుందో ఆ పెట్టె ఇది. దాని మీద మా పేరూ ఊరూ నల్లరంగుతో రాసింది కూడా వాడే. పడుకుంటే "ఒంటారియో" అన్న మాట తలకిందులుగా కనిపిస్తుంది.

అమ్మ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిందా? తుంటి ఎముక అతుక్కుందా? డౌవె సంగతి అమ్మకి చెప్పే పని నీ మీద పెట్టి వచ్చేశాను. చెప్పావా? ఏమంది?

నీ చెల్లెలు
బౌక్యె

*

వెస్టర్‌హూస్, ఫ్రీస్‌లాండ్
1951 జూన్ 12

బౌక్యెకి,

ఉత్తరం అందింది. తప్పులు ఇరవై పైనే ఉన్నాయి. నవ్వు మాత్రం రాలేదు.

వీబ్రెన్ ఆ మాటన్నాడంటే రెండుసార్లు చదువుకున్నాను. ఆదివారం చర్చిలో మొదటి వరసలో కూర్చునే మనిషి, పోయిన కొడుకుని తీసుకెళ్లి సైన్యంలో చేర్పించాడా? సెలవు ఎప్పుడిస్తారట? నాకు కోపం వచ్చిందని అతనికి చదివి వినిపించు. మీకు కష్టమని నాకు తెలియదా? తొమ్మిదిమంది పిల్లలు, ఉన్న గొడ్డూ గోదా వేలం వేసుకుని వెళ్లారు, తిరిగి రావడానికి ఓడ ఖర్చు లేదు. అన్నీ తెలుసు. అయినా వాడి పేరు పెట్టి అబద్ధం ఆడకూడదు. వాణ్ణి నేను కూడా ఎత్తుకుని పెంచాను. ఆ రైతు దగ్గరికి వెళ్లి నిజం చెప్పండి. ఎంత ఆలస్యం చేస్తే అంత నోరు రాదు.

సమాధి మీద మట్టి కుంగింది. ఇంకో బండి మట్టి వేయించి గడ్డి విత్తనం చల్లాను. చర్చి గోడ పక్క కాబట్టి గాలి తగలదు, త్వరగా మొలుస్తుంది.

అమ్మ ఇంటికొచ్చింది. నడవలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెడుతున్నాను. బాగానే తింటోంది. నీ ఉత్తరం చదివి వినిపించాను, సంతోషించింది.

హిస్కె

*

చాథమ్ దగ్గర
1951 జులై 15

అక్కా,

అమ్మ సంతోషించిందని రాశావు. ఆ ఉత్తరంలో సంతోషించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. నువ్వు చెప్పావో లేదో కూడా రాయలేదు. మళ్లీ అడుగుతున్నాను.

మొదటి కలుపు అయింది. చాళ్లలో దుంప మొక్కలు గుంపులుగా మొలుస్తాయి. గుంపుకి ఒక్కటి ఉంచి మిగతావి పీకేయాలి. వంగితే నడుం ఆగదు. మోకాళ్లకి గోనెలు కట్టుకుని పాకుతూ పోవాలి. ముప్పై ఎకరాలు. ముగ్గురి పని కాబట్టి మూడోవాడు కావాలి. యెల్లెని దించాం. వాడికి పద్నాలుగు నిండలేదు. డౌవె చెక్కబూట్లలో కాగితాలు కుక్కుకుని తొడుక్కుంటున్నాడు. ఆ బూట్లేస్తే పొడుగ్గా కనిపిస్తానంటాడు. పాకేవాడు పొడుగైతేనేం పొట్టైతేనేం అంటే, "టాన్స్లీ గారు దూరం నుంచి చూస్తారు కదమ్మా" అన్నాడు. పిల్లలందరికీ అబద్ధం తెలుసు. ఎవరూ దాని గురించి మాట్లాడరు. మేం చెప్పొద్దని అనలేదు కూడా.

సైకిళ్లు ఒక్కొక్కటీ అమ్మి పిండీ, పందికొవ్వూ కొంటున్నాం. ఇక్కడ రోడ్లన్నీ కంకర, సైకిలుతో పనే లేదు. పక్క పొలం ఆయన అన్నిటికంటే పెద్దది అడిగాడు, మంచి ధర ఇస్తానన్నాడు. అది డౌవెది. టాన్స్లీ గారు అక్కడే ఉన్నారు. "అదొద్దు, కుర్రాడు వస్తే వాడికి కావాలి కదా" అన్నారు.  ఆ వారం బంగాళాదుంపలు, ఉప్పు. ఇంట్లో పిల్లలు అన్నానికి ఏడుస్తుంటే గోడకి ఆనించిన సైకిలు అమ్ముకోలేకపోయాం. ఇది ఏ రకం తలరాతో నాకు తెలియడం లేదు.

టాన్స్లీ గారి భార్య పెర్ల్ గారు మంచి మనిషి. మా చిన్నది రిన్స్కె పుట్టినరోజున గుడ్లు పట్టుకుని వచ్చారు. పిల్లలందరూ వరసగా ఒకరికొకరు చెయ్యి కలుపుతుంటే ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయారు.

"పుట్టినరోజు ఈ చిన్నదానిదే కదా, అందరూ అందరికీ చెప్పుకుంటారేం?"

ఫెమ్కె చెప్పింది, మా దగ్గర అంతే, తల్లికీ తండ్రికీ అన్నదమ్ములకీ అందరికీ శుభాకాంక్షలు చెప్పాలి అని.

"అంటే రిన్స్కె పుట్టినందుకు మీ అమ్మకి చెప్పాలా?"

"కన్నది నేనే కదండీ" అన్నాను, నాకొచ్చిన మాటల్లో.

ఆవిడ పగలబడి నవ్వారు. "నలుగురిని కన్నాను, ఒక్కడూ నాకు చెప్పలేదు. ఇది బాగుంది, నేర్చుకుంటాను" అని నాకు గట్టిగా చెయ్యి కలిపారు.

తర్వాత మరుగుదొడ్డికి వెళ్లి వచ్చి, "పుట్టినరోజుల పట్టిక అక్కడ తగిలించారేం?" అన్నారు. అక్కడైతే రోజూ చూస్తాం, మర్చిపోం అని ఫెమ్కె చెప్పింది. ఆ పట్టిక నేను ఓడలో కూర్చుని కొత్తగా రాసింది. పాతది వేలం సామాన్లలో పోయింది. పన్నెండు నెలలు, అందరి పేర్లు. పెర్ల్ గారు అన్నారు, "డౌవె, అక్టోబరు ఇరవై ఎనిమిది. అప్పటికి వచ్చేస్తాడా?"

నేను "వస్తాడు" అన్నాను.

అక్కా, ఈసారి మీ మరిది అనలేదు. నేనన్నాను. అనగానే గుండెల మీద నుంచి ఏదో దిగినట్టయింది. ఆవిడ వాడి కొలత అడిగారు, మేజోళ్లు అల్లుతారట. పాదం ఇంత ఉంటుందని చేత్తో చూపించాను. చూపిస్తుంటే ఆ పాదం నా చేతిలో ఉన్నట్టే ఉంది. ఈ ఊళ్లో వాడు పోయినట్టు ఎవరికీ తెలియదు. వాడి కోసం మంచం వేసి ఉంది. నేనేం చేస్తున్నానో చెప్పు. నాకు పిచ్చి పడుతోందా?

బౌక్యె

*

వెస్టర్‌హూస్
1951 ఆగస్టు 9

బౌక్యా,

పిచ్చి కాదు. తప్పు. రెండూ ఒకటి కాదు.

పట్టికలో వాడి పేరు పక్కన శిలువ గుర్తు పెట్టలేదు కదూ నువ్వు? మా దొడ్లో ఉన్న పట్టికలో నేను మార్చిలోనే పెట్టాను. నాన్నకి పెట్టాం, చిన్నత్తకి పెట్టాం, నీ పురిట్లో పోయిన బిడ్డకి కూడా నువ్వే పెట్టుకున్నావు. ఏనాడూ పేరు తీసేయలేదు, గుర్తు పెట్టకుండానూ ఉండలేదు. ఇప్పుడెందుకు కొత్త పద్ధతి? పెన్సిలు లేకపోతే పంపిస్తాను.

ఆవిడ చేత మేజోళ్లు అల్లిస్తున్నావా? ఉన్ని ఆవిడదే కదా? ఆలోచించు.

యెల్లెని అన్న చెక్కబూట్లలో నడిపించకు. నాకు అది చదివాక అన్నం సహించలేదు.

నీ ప్రశ్న చూశాను. అమ్మకి నీ ఉత్తరాలు పైకి చదువుతున్నానని గుర్తు పెట్టుకుని రాయి. డౌవె గురించి అన్నిచోట్ల రాస్తే చదివేటప్పుడు నాకు కష్టంగా ఉంటోంది. వాడి సంగతులు వేరే కాగితం మీద రాసి లోపల పెట్టు.

సమాధి మీద గడ్డి మొలిచింది.

హిస్కె

*

చాథమ్ దగ్గర
1951 అక్టోబరు 14

అక్కా,

ఇది చిన్న ఉత్తరం. 

దుంపలు తవ్వుతున్నాం. ఇక్కడి కత్తికి చివర కొక్కెం ఉంటుంది. కొక్కేనికి దుంపని తగిలించి ఎత్తి, ఎడమ చేత్తో పట్టుకుని ఒక్క వేటుతో ఆకు నరకాలి. గడ్డకట్టే చలి వచ్చేలోపు ముప్పై ఎకరాలూ అయిపోవాలి. సోమవారం పొద్దున యెల్లె ఎడమ బొటనవేలు ఎముక దాకా తెగింది. మట్టిలో, అక్కా. మట్టి చేతులతో.

నేను ఎలా అరిచానో నాకు గుర్తులేదు. పెర్ల్ గారు ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చి, వాణ్ణి కారులో వేసుకుని ఊళ్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. కుట్లు వేశారు, ధనుర్వాతం సూది పొడిచారు. నేను అక్కడ నేల మీద కూర్చుండిపోయానట. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ, "చిన్న గాయమే కదమ్మా, పొలంలో అందరికీ అవుతుంది, ఇంతలా ఏడుస్తారా? పదిమంది పిల్లల తల్లి మీరు" అన్నారు. అప్పుడు చెప్పేయాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆవిడ వెంటనే, "అన్నయ్య వస్తే ఈ పిల్లాడికి పని తప్పుతుంది" అన్నారు. 

డౌవెకి మేకు గుచ్చుకున్న తొమ్మిదో రోజున దవడ పట్టేసింది. యెల్లెకి ఈ రోజు ఆరో రోజు. రోజూ పొద్దున లేవగానే వాణ్ణి నోరు తెరవమంటున్నాను. "నువ్వేమన్నా పళ్ల డాక్టరువా అమ్మా?" అంటాడు. ఎందుకు అడుగుతున్నానో వాడికి తెలుసు. పెద్దగా తెరిచి, నాలుక బయటపెట్టి, ఆవులా అరిచి చూపిస్తాడు. నవ్వించాలని.

సూది పొడిచారు కదా, ఏమీ కాదు కదా? ఈ ఉత్తరం నీకు చేరేసరికి తొమ్మిదో రోజు దాటిపోతుంది. ఎవరిని అడుగుతున్నానో ఏమిటో.

బౌక్యె

*

చాథమ్ దగ్గర
1951 నవంబరు 1

అక్కా,

యెల్లె బాగున్నాడు. ముందు అది రాస్తున్నాను, నువ్వు భయపడకుండా.

ఇక రెండోది. చెప్పేశాం. నేనే చెప్పాను. నోటితో కాదు.

అక్టోబరు ఇరవై ఎనిమిది ఆదివారం పడింది. చర్చి నుంచి వచ్చి అందరం ఆదివారం బట్టల్లోనే ఉన్నాం. ఆ తారీఖు ఎవరూ ఎత్తలేదు. మీ మరిది సూపు గిన్నె ముందు కూర్చుని గరిటె పట్టుకుని అలాగే ఉన్నారు. అప్పుడు కారు వచ్చి ఆగింది. పెర్ల్ గారు. టోపీ, చేతికి తొడుగులు. ఒక చేతిలో కేకు, చంకలో కాగితంలో చుట్టిన మేజోళ్లు.

కేకు బల్ల మీద పెట్టారు. తొడుగులు తీసి మడిచి సంచిలో పెట్టుకున్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని, "మీ కొడుకు పుట్టినందుకు మీకు శుభాకాంక్షలు" అన్నారు. మన భాషలో, అక్కా. ఫెమ్కె దగ్గర నేర్చుకున్నారట, దేనికో చెప్పకుండా. మీ మరిదికి చెయ్యిచ్చి, "మీ కొడుక్కి". ఫెమ్కెకి, "మీ అన్నకి". యెల్లెకి, కట్టు కట్టిన చెయ్యి వదిలేసి కుడిచెయ్యి పట్టుకుని, "మీ అన్నకి". అలా తొమ్మిదిమందికీ, వరసగా, ఒక్కొక్కరి కళ్లల్లోకి చూసి. పిల్లలు చేతులిచ్చారు. రిన్స్కె ఒక్కతే "థాంక్యూ" అంది. ఆవిడ నవ్వుతూ నా వైపు తిరిగి, "సరిగ్గా చెప్పానా?" అన్నారు.

సరిగ్గానే చెప్పారు. ఇంత సరిగ్గా మన ఊళ్లో వాళ్లు కూడా చెప్పరు.

నేను బయటికి వెళ్లాను. ఆవిడ నేను ఏడుపు దాచుకోవడానికి వెళ్లాననుకుని ఉంటారు. దొడ్లో మేకుకి తగిలించిన పట్టిక తీసి పట్టుకొచ్చాను. అక్టోబరు పేజీ తిప్పి కేకు పక్కన పెట్టాను. యెల్లె బడి పెన్సిలు తీసుకుని, డౌవె పేరు పక్కన శిలువ గీశాను. ఒక గీత పొడుగైపోయింది.

ఆవిడకి వెంటనే తెలియలేదు. నాన్న పేరు దగ్గరున్న గుర్తు చూశారు, చిన్నత్త దగ్గరది చూశారు, మళ్లీ దీన్ని చూశారు. కుర్చీలో కూర్చున్నారు.

"ఎప్పుడు?"

నేను పేజీలు వెనక్కి తిప్పి మార్చి ఇరవై ఏడు మీద వేలు పెట్టాను.

"మార్చి? అంటే మీరు ఓడ ఎక్కకముందా?" అన్నారు. "మరి జులైలో నేను పాదం కొలత అడిగినప్పుడు..."

"అవును" అన్నాను.

"మరి మొన్న డాక్టరు దగ్గర..."

"అవునమ్మా."

ఆవిడకి తొడుగులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది, వేళ్లు తప్పు సందుల్లో దూరుతున్నాయి. మేజోళ్లు ఒకసారి చేతిలోకి తీసుకుని మళ్లీ అక్కడే పెట్టేశారు. వెళ్లిపోయారు. కోపమో, ఏడుపో, నాకు తెలియలేదు.

 రిన్స్కె అడిగింది, "అమ్మా, ఇది తినొచ్చా?" అని.  కోశాను. పదకొండు ముక్కలు చేశాను. మీ మరిది ముక్క చేతిలో పట్టుకుని, పెళ్లయిన ఇరవై ఏళ్లలో నేను చూడని విధంగా ఏడ్చారు. వాడు పోయిన రోజు కూడా అలా ఏడవలేదు.

సోమవారం పొద్దున టాన్స్లీ గారు వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. వాకిట్లోనే నిలబడ్డారు, టోపీ తీయలేదు.

"మే నెల్లోనే చెప్పుంటే నేనేం చేసేవాణ్ణి అనుకున్నారు?" అన్నారు.

మీ మరిది అన్నారు, "ముగ్గురు పనివాళ్లున్న ఇంకో కుటుంబాన్ని తెచ్చుకునేవారు."

టాన్స్లీ గారు ఆలోచించారు. అబద్ధం ఆడడానికి కాదు, నిజంగానే ఆలోచించారు. "అవును," అన్నారు. "తెచ్చుకునేవాణ్ణి. కానీ నా భార్య చేత పోయిన పిల్లాడికి మేజోళ్లు అల్లించారు, వీబ్రెన్. అది మీరు చేయకుండా ఉండాల్సింది."

మీ మరిది తల ఎత్తలేదు. "ఉండాల్సింది" అన్నారు.

చివరికి ఇదీ తీర్పు. మిగిలిన దుంప మేమే తీయాలి, దాని కూలి మాకే. మార్చి చివరిదాకా ఈ ఇంట్లో ఉండొచ్చు. ఏప్రిల్లో ఇల్లు వేరే వాళ్లకి. రోడ్డు అవతల ఆయన పాత కోళ్ల షెడ్డు ఖాళీగా ఉంది, కావాలంటే బాగుచేసుకుని అందులో ఉండొచ్చు, అద్దె వద్దు. వచ్చే ఏడు ఇద్దరికి సరిపడా ఎకరాలు ఇస్తారట. యెల్లె బడికి పోవాలి. ఆ చివరి మాట పెర్ల్ గారు చెప్పమన్నారట.

మేం ఓడిపోయామో గెలిచామో నాకు తెలియడం లేదు. ఇల్లు పోయింది. వాడు మళ్లీ పోయాడు. అయినా పొద్దున లేస్తే ఏదో తేలిగ్గా ఉంది, అది తల్చుకుంటే సిగ్గుగా ఉంది.

బౌక్యె

*

వెస్టర్‌హూస్
1951 నవంబరు 16

బౌక్యా, చెల్లీ,

నీ ఉత్తరం చదివి వెనక గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. నువ్వు పెన్సిలు పట్టుకున్నావు. నేను పట్టుకోలేదు. నీకు తప్పు అని రాసినదాన్ని నేను.

అమ్మకి నేను చెప్పలేదు.

ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు చెబుదామనుకున్నాను. మంచం మీద సర్దుతుంటే, "పిల్లలందరూ క్షేమంగా ఓడ ఎక్కారా? డౌవె ఏడ్చాడా?" అంది. "ఎక్కారు" అన్నాను. ఆ ఒక్క మాటే. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. చదువుతూ వాడి పేరు వచ్చిన చోట వేరేగా చదివాను. డౌవె నమస్కారం చెప్పాడు అన్నాను. డౌవె దుంపలు తీస్తున్నాడు అన్నాను. నువ్వు యెల్లె గురించి రాసినవన్నీ డౌవె పేరు పెట్టి చదివాను. ఇంటికొచ్చే వాళ్లందరినీ గుమ్మం దగ్గరే ఆపి హెచ్చరించాను. పాస్టరు గారు నన్ను తిట్టి, రావడం మానేశారు.

మా దొడ్లో పట్టిక మీద శిలువ మార్చిలోనే పెట్టానని గొప్పగా రాశాను. నిజమే. అమ్మ దొడ్డిదాకా నడవలేదు కాబట్టి పెట్టాను.

ఇప్పుడు ఏమైందంటే, అమ్మ నెలరోజులుగా, "డౌవె ఒక్క ముక్క కూడా తన చేత్తో రాయడేం?" అంటోంది. "నేను మంచం దిగి సాగనంపలేదని కోపమా?" అంటోంది. నిన్న అన్నం పెడుతుంటే, "వాడు చిన్నప్పుడు ఒకసారి కొట్టాను హిస్కె, అది గుర్తుండిపోయిందేమో" అంది. వాడికి ఆరేళ్లప్పటి సంగతి.

నీకు రాద్దామనుకున్నాను, డౌవె రాసినట్టు రెండు లైన్లు రాసి పంపమని. నీ నవంబరు ఉత్తరం ఒక్క రోజు ఆలస్యమైతే ఆ మాట రాసి పంపేసేదాన్ని. ఇప్పుడు ఏం చేయాలో నాకే తెలియడం లేదు. నాకు నువ్వు చెప్పు. పెద్దదాన్ని నేనే, అయినా నువ్వే చెప్పు.

ఇరవై ఎనిమిదో తారీఖున చర్చి గోడ దగ్గర వాడి సమాధికి వెళ్లాను. చెయ్యి కలపడానికి ఎవరూ లేరు. తిరిగొచ్చాను.

హిస్కె

*

చాథమ్ దగ్గర
1951 డిసెంబరు 2

అక్కా,

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. రాలేదు. నాలుగు వేల మైళ్ల దూరంలో మనిద్దరం ఒకటే పని చేస్తూ కూర్చున్నాం. నువ్వు నాకంటే బాగా చదువుకున్నావు, అయినా తేడా ఏమీ లేదు.

డౌవె రాసినట్టు రాయను. నీ నోటితో చెప్పమని కూడా అనను. నీ మీద పెట్టి రావడమే నా తప్పు. తల్లిని నేను. నేనే చెబుతాను. వేరే కాగితం లోపల పెట్టాను, అమ్మ పేరున. ఉన్నది ఉన్నట్టు చదువు. ఒక్క పేరు కూడా మార్చకు.

ఇక్కడ మంచు మొదలైంది. దుంప అయిపోయింది, కూలి చేతికొచ్చింది. శీతాకాలం గడుస్తుందో లేదో చూడాలి. మీ మరిది కోళ్ల షెడ్డులో గోడలు వేస్తున్నారు. వంటగది వెనక గది విప్పి ఆ పలకలే మోసుకెళ్తున్నారు. వంకరపోయిన మేకులన్నీ సుత్తితో సాగగొడుతున్నారు. పెర్ల్ గారు నెల రోజులు రాలేదు. మొన్న వచ్చి సున్నం బొచ్చె పెట్టి, "కోళ్ల వాసన దీనికి పోతుంది" అన్నారు. టీ తాగారు. మాటలు ఎక్కువ కలవలేదు. వెళ్తూ యెల్లె కాళ్ల వైపు చూశారు. ఆ మేజోళ్లు వాడు తొడుక్కున్నాడు, మడమ దగ్గర కిందికి జారిపోతున్నాయి. "ఇంకో ఏడాదిలో సరిపోతాయి" అన్నారు. పెద్ద సైకిలు అమ్మలేదు. బడికి దాని మీదే వెళ్తున్నాడు, పెడలు అందక పక్కకి ఒరుగుతూ.

ఇక్కడ ఎవరో కొత్తావిడ అడిగింది, పిల్లలు ఎంతమంది అని. పదిమంది, ఒకడు మా ఊళ్లో ఉన్నాడు అన్నాను. అది అబద్ధం కాదు కదా?

బౌక్యె

*

(లోపలి కాగితం)

అమ్మకి,

ఈ కాగితం హిస్కె చదువుతోంది. మధ్యలో ఆగితే తొందరపెట్టకు. అక్క చెప్పలేదని కోప్పడకు, చెప్పాల్సింది నేను.

డౌవె మాతో రాలేదమ్మా. నువ్వు ఆస్పత్రిలో ఉండగా పెట్టెకి మేకులు కొడుతుంటే కాలికి ఒకటి గుచ్చుకుంది. చిన్నదే అన్నాడు, నేనూ చిన్నదే అనుకున్నాను. ఉప్పునీళ్లతో కడిగి గుడ్డ కట్టాను. తొమ్మిదో రోజు దవడ పట్టేసింది. మార్చి ఇరవై ఏడు పొద్దున పోయాడు. నేను పక్కనే ఉన్నాను. డాక్టరు దగ్గరికి మొదటి రోజే తీసుకెళ్లలేదు, పెట్టె పని ఆగిపోతుందని. అది ఎవరికీ చెప్పలేదు, మీ అల్లుడికి కూడా. నీకు చెబుతున్నాను.

వాడికి నీ మీద కోపం లేదు. నువ్వు కొట్టిన సంగతి వాడికి గుర్తే లేదు. నిన్ను చూడడానికి ఆస్పత్రికి వెళ్లాలని, కాలు తగ్గాక వెళ్తానని అన్నాడు.

వాడు ఎంతో దూరంలో ఉన్నాడని నువ్వు అనుకుంటున్నావట. లేడమ్మా. నీ కిటికీలోంచి చర్చి గోడ కనిపిస్తుంది చూడు, దాని వెనకే ఉన్నాడు. నేనే దూరంగా ఉన్నాను. ఎండ ఉన్న రోజున హిస్కెని కుర్చీ మోసుకు రమ్మను, పక్కింటివాళ్లు సాయం పడతారు. గడ్డి మొలిచిందట. కొంచెంసేపు కూర్చుని రా, నా బదులు కూడా.

అక్టోబరులో నీకు చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఆలస్యమైంది, అయినా తీసుకో. ఇక్కడి నుంచే చెయ్యి కలుపుతున్నాను. నీ మనవడు పుట్టినందుకు నీకు శుభాకాంక్షలమ్మా.

నీ కూతురు
బౌక్యె